ముల్లు మధ్యలో నిలిస్తే శ్రుతి నిలిచినట్టేనా?

ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే చాలు, పియానో శ్రుతి చెయ్యడం ఎవరికైనా వచ్చేస్తుందన్న నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. మెట్టు నొక్కాలి, తెర మీద ముల్లు చూడాలి, ఎడమకుంటే బిగించాలి, కుడికుంటే వదలాలి. ముల్లు మధ్యకొచ్చి పచ్చరంగు వెలిగితే పక్క తీగకి జరగాలి. ఆఖరి తీగ దగ్గరా పచ్చరంగు వెలిగిందంటే పని అయిపోయినట్టే. గిటార్ నేర్చుకునే కుర్రాళ్లే కాదు, చర్చిల్లో వాద్యబృందాన్ని నడిపేవాళ్లూ, స్కూళ్లలో సంగీతం చెప్పేవాళ్లూ, డబ్బు తీసుకుని పియానోలు బాగుచేసేవాళ్లలో కొందరూ ఇదే నమ్ముతున్నారు. రెండు మూడు సెంట్లు మాత్రమే తేడా వచ్చిన పియానో దగ్గర ఈ పద్ధతితో పెద్ద నష్టం లేదు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోక బాగా కిందికి జారిపోయిన పియానోని పైకి ఎత్తవలసి వచ్చినప్పుడు మాత్రం ఇది పనికిరాదు. తీగ తీగనీ ఎంత కచ్చితంగా ముల్లు మీద నిలబెడితే, చివరికి వాద్యం అంత కచ్చితంగా తప్పు పలుకుతుంది.

సెంటు అంటే ఏమిటో ముందే చెప్పుకుందాం. హార్మోనియం మీద ఒకటి శ్రుతి మెట్టుకీ, దాని పక్కనే ఉన్న ఒకటిన్నర మెట్టుకీ మధ్య ఉన్న దూరం అరస్వరం. దాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒక భాగం సెంటు.

నర్సీపట్నంలో కూర్చుని పియానో గురించి వాదన ఏమిటని నవ్వేవాళ్లుంటారు. నిజమే, మాది హార్మోనియం ఊరు. పద్యనాటకానికైనా, భజనకైనా ముందు దాన్నే దింపుతారు. ఇప్పుడు కీబోర్డు వచ్చింది. పియానో కనబడడం అరుదు. ఈ తప్పు నిలబడడానికి ఆ అరుదుతనమే కారణం. పియానోలు నలభై యాభై ఉన్న ఊళ్లో ట్యూనర్ ఉంటాడు, ఇవాళ చేసింది వచ్చే వారం వచ్చి సరిచూస్తాడు. ఇక్కడికైతే విశాఖపట్నం నుంచో చెన్నై నుంచో మనిషి రావాలి. వచ్చినాయన సాయంత్రానికి, ఊరికి దూరంగా ఉన్న నర్సీపట్నం రోడ్ స్టేషన్ చేరి రైలందుకోవాలి. "ఒక్క చుట్టులో తేల్చెయ్యండి సార్" అన్న మాట అక్కడ పుట్టింది. చుట్టు అంటే మొదటి తీగ నుంచి ఆఖరి తీగ దాకా ఒకసారి సరిచెయ్యడం. అంత ఖర్చు దేనికనుకున్నవాళ్లు యాప్ దించుకున్నారు. ఒక్క చుట్టు, యాప్ ముల్లు కలిసి ఇప్పుడు పద్ధతి పేరుతో చెలామణీ అవుతున్నాయి.

మా వైపు ఒక చర్చిలో జరిగింది చెబుతాను. ఎవరో కానుకగా ఇచ్చిన పాత అప్‌రైట్ పియానో, పక్కన ఎలక్ట్రానిక్ కీబోర్డు. రెండింటి మీదా ఒకటే మెట్టు నొక్కితే పియానో అరస్వరంలో సగం, అంటే యాభై సెంట్లు, దిగువన పలుకుతోంది. ఒకటి శ్రుతి అడిగితే ఏడుకీ ఒకటికీ నడుమ ఎక్కడో నిలబడుతోంది. పాడేవాళ్లు దేన్ని పట్టుకోవాలో తెలియక గొంతులు రెండుగా చీలేవి. చెవీ ఓపికా రెండూ ఉన్న ఒక యువకుడు శనివారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా కూర్చుని, అన్ని తీగల్నీ వరసగా ముల్లు మధ్యకి తెచ్చాడు. ఆదివారం మొదటి పాటకే తేడా తెలిసిపోయింది. యాప్ పెట్టి చూస్తే మధ్య స్థాయి మళ్లీ పది పన్నెండు సెంట్లు దిగివుంది. ఒకే మెట్టుకి చెందిన మూడు తీగలూ మూడు దారులు పట్టాయి. "పాత సామాను కదండీ, శ్రుతి నిలవదు" అని పెద్దలు తీర్పు చెప్పి దాని మీద దుప్పటి కప్పేశారు. ఆ నింద అన్యాయం. అలా ఎత్తితే కొత్త పియానో అయినా అదే పని చేస్తుంది.

ఎందుకో చూద్దాం. 88 మెట్ల పియానోలో సుమారు 220 నుంచి 230 తీగలుంటాయి. బేస్ చివర మెట్టుకి ఒక్కటే తీగ, ఆ పైన రెండేసి, మధ్య స్థాయి నుంచి పైకి మూడేసి. ఒక్కో తీగ మీద దాదాపు 70, 80 కిలోల లాగుడు. మొత్తం కలిపితే 18 టన్నుల దాకా. ఈ బరువునంతా పోత ఇనుప చట్రం మోస్తుంది. తీగలు మాత్రం బ్రిడ్జి మీదుగా సాగుతూ, దాని కింద ఉన్న సౌండ్‌బోర్డును అదుముతూ ఉంటాయి. సౌండ్‌బోర్డు సెంటీమీటరు మందం కూడా లేని స్ప్రూస్ చెక్క. దాన్ని కొద్దిగా ఉబ్బెత్తుగా చేస్తారు. అదిమితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది.

తీగ మీది లాగుడు దాని కంపనసంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది. యాభై సెంట్లు ఎత్తాలంటే కంపనసంఖ్య మూడు శాతం దాకా పెరిగితే సరిపోతుంది, లాగుడు మాత్రం ఆరు శాతం దాకా పెరగాలి. 18 టన్నుల వాద్యం మీద అది ఇంచుమించు ఒక టన్ను. వంద సెంట్లు ఎత్తితే రెండు టన్నులు. ఆ అదనపు బరువు పడేసరికి సౌండ్‌బోర్డు ఇంకాస్త అణుగుతుంది, బ్రిడ్జి వెంట్రుకవాసి కిందికి దిగుతుంది, చట్రం కూడా అణుమాత్రం వంగుతుంది. అప్పటికే ముల్లు మధ్యలో పెట్టి వచ్చిన తీగలన్నీ ఆ మేరకు వదులవుతాయి. నులకమంచం బిగించినవాళ్లకి ఇది వింతేమీ కాదు. కొత్త వరస లాగిన కొద్దీ ముందు లాగిన వరస సడలుతుంది. అందుకే మంచం దగ్గర ఎవరూ ఒక్క చుట్టుతో లేచిపోరు. పచ్చరంగు వెలిగిన క్షణంలో తీగ సరిగ్గానే ఉంది. యాప్ అబద్ధం చెప్పలేదు. ఆ తర్వాత మరో రెండొందల తీగలు బిగుస్తాయన్న సంగతి దానికి తెలియదంతే.

గిటార్‌కి ఆరు తీగలు, వీణకి ఏడు. వీణ శ్రుతి చేసేవాళ్లు సారణి పెట్టి, పంచమం, మంద్రం, తాళం తీగలు సరిచేసి, మళ్లీ సారణి దగ్గరికే వస్తారు. ఏడు తీగల వాద్యం దగ్గరే అంత జాగ్రత్త అవసరమైతే, 230 తీగల వాద్యాన్ని ఒక్కసారి బిగించి వదిలెయ్యడం ఏ సంప్రదాయం?

శ్రుతి ఎత్తే పనిలో కచ్చితత్వాన్ని ముల్లు మీద కాక, పనంతా అయ్యాక వాద్యం కుదురుకున్న చోట చూడాలి. తెలిసిన ట్యూనర్ అందుకే మొదటి చుట్టులో తీగను కావాలనే లక్ష్యం దాటిస్తాడు. ఎంత దాటించాలన్నది ఆ తీగ ఎంత దిగివుందన్నదాన్ని బట్టి, పియానోలో ఏ చోటున ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. రాగి చుట్టిన బేస్ తీగలకు తక్కువ చాలు. మధ్య స్థాయిలో దిగినదాంట్లో నాలుగో వంతు ప్రాంతం. పై స్థాయిల్లో కొన్ని వాద్యాలకు మూడో వంతు దాకా. ఇది ఏ పియానోకా పియానోకి మారుతుంది, కొన్ని మెట్లు ఎత్తి చూస్తే దాని స్వభావం తెలుస్తుంది.

ఒక్క మెట్టు దగ్గర ఆగి చూద్దాం. మధ్య స్థాయిలో ఆరు శ్రుతి మెట్టు, ప్రపంచమంతా 440 అని, అంటే సెకనుకి 440 కంపనాలని, చెప్పుకునేది. యాభై సెంట్లు దిగివుంటే అది 427.5 దగ్గర పలుకుతుంది. పక్క తీగలు మోగకుండా ఫెల్ట్ పట్టీ దూర్చి, మధ్య తీగ చుట్టుకున్న పిన్ను మీద, దాన్ని తిప్పే ట్యూనింగ్ హ్యామర్ బిగించాలి. ముందు ఎత్తకూడదు. రవ్వంత దించాలి. పాత తీగైతే అప్పుడు "టిక్" మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. తీగ ఆనుకునే చోట పట్టిన తుప్పు విడిచిన చప్పుడది. అది విన్నాక మెల్లగా ఎత్తి, 440 దగ్గర ఆగకుండా 443 దాకా తీసుకెళ్లి వదలాలి. పచ్చరంగు వెలగదు. ముల్లు కుడి వైపు పన్నెండు పదమూడు సెంట్ల దగ్గర నిలిచి ఉంటుంది. తర్వాత కుడి తీగ, ఎడమ తీగ కూడా అంతే. అవి బిగిసేలోపే మధ్య తీగ కొద్దిగా దిగడం మొదలుపెడుతుంది. చుట్టు పూర్తయ్యాక వెనక్కొచ్చి అదే మెట్టు నొక్కితే ముల్లు 440కి అటో ఇటో రెండు మూడు సెంట్లలో కనబడుతుంది. శనివారమంతా కష్టపడిన ఆ యువకుడికి ఎవరూ చెప్పని సంగతి ఇదే. మొదటి చుట్టు తెలిసినవాడి చేతిలో త్వరగానే నడుస్తుంది, అక్కడ నగిషీ పని అక్కర్లేదు. మూడు తీగలూ ఒకే గొంతుగా కలపడం, అష్టకాలు (ఆక్టేవులు) సరిచూడడం రెండో చుట్టులో. బాగా దిగిన పియానోకి మూడో చుట్టూ పడుతుంది.

ఇక ఎదురువాదాలు. "దానికదే శ్రుతిలో ఉంటే చాలు కదా, పైకి ఎత్తడం దేనికి?" అన్నది వాటిలో పెద్దది. ఇంట్లో ఒంటరిగా వాయించుకునే పాత పియానోకి ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. కానీ చర్చిలో పక్కన కీబోర్డు ఉంది, గిటార్ ఉంది, వేణువు ఉంది. పాట పొడుగునా వేణువుని యాభై సెంట్లు దించి వాయించడం కష్టం. కీబోర్డుని దించుకోవచ్చు, అప్పుడు మిగతావాళ్లంతా పియానో వెనక నడవాలి. స్కూల్లోనైతే నష్టం ఇంకా ఎక్కువ. పిల్లలు ఏ స్వరం వింటూ పెరుగుతారో అదే వాళ్ల చెవిలో నాటుకుంటుంది. విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల వెలిసిన ప్రాంతం మనది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ పాఠం చెప్పారు. శ్రుతి దగ్గర రాజీ పడడం మనకి అలవాటు లేని పని. పియానోకి మాత్రం ఆ మినహాయింపు ఎందుకు? పైగా తీగ మందం, పొడుగు, లాగుడు లెక్కవేసి వాద్యాన్ని తయారుచేస్తారు. లాగుడు తగ్గితే స్వరంతో పాటు నాదంలో నిండుతనమూ తగ్గుతుంది.

"పాత పియానోలు 440కి చేసినవి కావు, ఎత్తితే విరుగుతాయి" అన్నది రెండో వాదం. వినడానికి చరిత్ర తెలిసిన మాటలా ఉంటుంది. ఆ చరిత్రే చూద్దాం. ఫ్రాన్సు 1859లో 435ని ప్రమాణంగా నిర్ణయించింది. అది 440కి ఇరవై సెంట్లే తక్కువ. ఇంగ్లండులో పంతొమ్మిదో శతాబ్దంలో కచేరీ శ్రుతి 452 దాకా పాకింది. 1896లో లండన్ ఫిల్హార్మోనిక్ సొసైటీ దాన్ని 439కి దించింది. 440 మీద 1939 లండన్ సమావేశంలో అంగీకారం కుదిరింది, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1955లో దాన్నే సిఫార్సు చేసింది. కాబట్టి మన దగ్గరికి వచ్చిన పాత ఇంగ్లీషు పియానోల్లో చాలావాటికి 440 కొత్త భారమేమీ కాదు, కొన్ని అంతకన్నా పైనే మోగినవి. "దీనికి 440 పడదు" అనేవాళ్లు తయారైన ఏడాది, చట్రం, తీగలు చూసి చెప్పాలి. వయసు ఒక్కటే చూసి చెబితే అది వైద్యం చెయ్యకుండా రోగిని ఇంటికి పంపడమే.

"తీగలు తెగుతాయి" అన్న భయంలో నిజం ఉంది, నిజమున్నంత మేరకు దానికి మర్యాద ఇవ్వాలి. పియానో తీగ తన శక్తిలో దాదాపు సగం లాగుడు మీద పనిచేస్తుంది, పై స్థాయిల్లో తెగే హద్దుకి ఇంకా దగ్గరగా. అయితే తెగే తీగ ఎక్కువసార్లు తుప్పు పట్టిన చోటో, పిన్ను చుట్టు దగ్గరో, వంపు తిరిగే చోటో తెగుతుంది. ఆరు శాతం లాగుడు పెరిగిందని బాగున్న తీగ తెగదు. ముందు రవ్వంత దించి తుప్పు విడిపించడం ఇందుకే. తుప్పు తినేసిన తీగలు, బీటలిచ్చిన బ్రిడ్జి, పిన్నులు పట్టు వదిలేసిన చెక్క, పగిలిన చట్రం ఉంటే ఎత్తకూడదు. ముందు మరమ్మతు, లేదా ఉన్న శ్రుతికే సరిపెట్టడం. అనుమానంగా ఉంటే వంద సెంట్లూ ఒకేరోజు కాకుండా విడతలుగా ఎత్తాలి. వాద్యాన్ని తెరిచి చూశాక తేల్చవలసిన విషయాలివి. చూడకుండానే "వద్దు" అనడానికి జాగ్రత్త అని పేరు పెట్టకూడదు.

"మన వాతావరణంలో పియానో నిలవదు. ఇవాళ ఎత్తితే నాలుగు నెలల్లో మళ్లీ దిగుతుంది, డబ్బు దండగ" అన్నది మా ఊళ్లో ఎక్కువగా వినిపించే వాదం. తూర్పు కనుమల కింద ఉన్న ఊరు మాది. నైరుతి వానలు మొదలయ్యాక గోడలే చెమరుస్తాయి. లంబసింగి కొండల వైపు నుంచి చలిగాలి దిగే రోజుల్లో గాలి పొడిబారుతుంది. తేమ పెరిగితే సౌండ్‌బోర్డు ఉబ్బి బ్రిడ్జిని పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. గాలి పొడిబారితే తగ్గుతుంది. ఆదివారం మూడు గంటలు ఏసీ వేసి మిగతా వారమంతా మూసిపెట్టే హాల్లోనైతే ఈ ఊగుడు వారం వారం. అయితే రుతువులతో వచ్చే మార్పు కొన్ని సెంట్ల నుంచి పదిహేను ఇరవై సెంట్ల దాకా ఉంటుంది, కాలం మారితే వెనక్కి వస్తుంది. యాభై, వంద సెంట్లు దిగిందంటే అది గాలి తప్పు కాదు. పదేళ్లు, ఇరవయ్యేళ్లు పట్టించుకోని మనుషుల తప్పు. ఏటా ఒకసారి సరిచేస్తే ఇంత ఎత్తే అవసరమే రాదు. వాతావరణాన్ని సాకుగా చూపేవాళ్లు ఏటా పిలవడం మానేశారు, మానేసినందువల్ల దిగింది, దిగినందుకు మళ్లీ వాతావరణాన్ని తిట్టారు.

చివరి వాదం పెద్దల నుంచి వస్తుంది. "చెవి ఉన్నవాడికి ఈ యాప్‌లూ లెక్కలూ ఎందుకు?" చెవిని నేను తక్కువ చెయ్యను. ఎలక్ట్రానిక్ సాధనాలు రాకముందు ట్యూనర్లు శ్రుతిదండం ఒక్కటి పట్టుకుని పియానోలు ఎత్తారు. మద్రాసులో 1842లో మొదలై తర్వాత మ్యూజీ మ్యూజికల్‌గా మారిన మిస్క్విత్ దుకాణం కాలం నాటి ట్యూనర్ల చేతిలో ఫోన్లు లేవు. కానీ వాళ్ల చెవి కూడా లక్ష్యం దాటించే చేసింది. ఎంత దాటించాలో అనుభవంలో కుదురుకున్న లెక్క అది. అసలు గొడవ చెవికీ యంత్రానికీ మధ్య లేదు. వాద్యం అణుగుతుందని తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ మధ్య ఉంది. ట్యూన్‌ల్యాబ్, వెరిట్యూనర్ లాంటివి పియానో కోసమే చేసిన సాఫ్ట్‌వేర్లు. ఏ తీగను ఎంత దాటించాలో అవి లెక్కకట్టి చూపిస్తాయి. గట్టి ఉక్కు తీగ మోగినప్పుడు అసలు స్వరంతో పాటు వినిపించే పైస్వరాలు లెక్క ప్రకారం ఉండాల్సిన చోటికంటే కాస్త ఎక్కువ పలుకుతాయి. అందుకని అష్టకాల్ని ఏ మేరకు సాగదీయాలో కూడా ఆ పియానోని కొలిచి చెబుతాయి. గిటార్ కోసం చేసిన ఉచిత యాప్‌కి ఈ రెండూ చేతకావు. ఫోన్‌ని నమ్మేవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్‌ని నమ్ముతున్నారో చూసుకోవాలి. ఫోన్‌ని తిట్టేవాళ్లు తమ చెవి ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పాలి.

మిగిలింది డబ్బు మాట. రెండు చుట్లంటే రెండింతల కూలీ అని సంఘం పెద్దలు, స్కూలు యాజమాన్యాలు వెనకాడుతున్నారు. ఒక్క చుట్టుకి ఇచ్చిన డబ్బు సంగతేమిటి మరి? ఆదివారానికే దిగిపోయే శ్రుతికి ఎంత ఇచ్చినా ఎక్కువే. ఏళ్ల తరబడి దిగిన పియానోని ఎత్తే పనికి ఏటా చేసే పనికంటే ఎక్కువ సమయం పడుతుంది, ఎక్కువ కూలీ అడగడం న్యాయం. ఎక్కువ తీసుకుని ఒక్క చుట్టే తిరిగితే మాత్రం అది అన్యాయం.

కాబట్టి పియానో ఉన్న చర్చి పెద్దలకూ, స్కూళ్లకూ, ఇళ్లవాళ్లకూ ఒక మనవి. ట్యూనర్ రాగానే ముందు పని మొదలుపెట్టించకండి. ఎన్ని సెంట్లు దిగివుందో కొలిపించి కాగితం మీద రాయించుకోండి. తీగలు, పిన్నులు, బ్రిడ్జి చూసి ఎత్తవచ్చో లేదో చెప్పమనండి. లక్ష్యాన్ని ఎంత దాటిస్తారో, ఎన్ని చుట్లు తిరుగుతారో అడగండి. మూడు నాలుగు వారాల తర్వాత మళ్లీ వచ్చి సరిచూసే ఖర్చుని మొదటి రోజే ఒప్పందంలో పెట్టండి. ఈ ప్రశ్నలకి విసుక్కునే ట్యూనర్‌ని మర్యాదగా రైలెక్కించండి. జవాబు చెప్పగలిగిన ట్యూనర్‌కి అడిగినంత ఇవ్వండి, వెళ్లేముందు వచ్చే ఏడాది తేదీ కూడా ఖాయం చేసుకోండి.